మా ఊరబ్బాయి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

1979లో నేను వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ రెండో సంవత్సరం. 1959లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన కాలేజీ అది. ఇప్పుడు ఎన్.ఐ.టి. అయింది. హాస్టల్ డేకి ఇంట్లోవాళ్లను తీసుకురావచ్చన్నారు. మిరప కోతల రోజులు. నాన్న చేను వదిలి రాలేడు, అమ్మా కదల్లేదు. "తమ్ముణ్ణి తీసుకుపో నాయనా, వాడూ చూస్తాడు" అంది అమ్మ. వాడప్పుడు ఇదే బడిలో తొమ్మిదో తరగతి.

మధిరలో ప్యాసింజరు ఎక్కి కాజీపేటలో దిగాం. వాడికున్న మంచి బట్టలు మన బడి యూనిఫారమే, ఖాకీ నిక్కరు, తెల్లచొక్కా. చేతిలో అమ్మ ఇచ్చిన అరిసెల డబ్బా. మెస్సులో పట్నం మిత్రుడొకడు ఇస్త్రీ ప్యాంట్లు వేసుకున్న తన తమ్ముళ్లతో ఎదురొచ్చి, "ఎవరీ కుర్రాడు?" అన్నాడు. "మా ఊరబ్బాయి" అన్నాను. తమ్ముడు విన్నాడు. ఏమీ అనలేదు. డబ్బా మూత తీసి అందరికీ అరిసెలు పెట్టాడు.

సాయంత్రం వర్క్‌షాపులో, లోపలి భాగాలు కనబడేలా కోసిపెట్టిన డీజిల్ ఇంజను దగ్గర ఇన్‌స్ట్రక్టరు గారు పిల్లల్ని అడిగారు: "దీనికి స్పార్క్ ప్లగ్గు లేదు. మరి డీజిలు ఎలా అంటుకుంటుంది?" మా తమ్ముడు చెయ్యెత్తాడు. "గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుందండి. ఆ వేడికే మండుతుంది. అందుకే హ్యాండిలు తిప్పేటప్పుడు ముందు లివరెత్తి గాలి వదిలేయాలి, వేగమందుకున్నాక లివరు దించాలి." ఆ లివరు సంగతి నాకూ తెలుసు, పుస్తకంలో.

"ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?"

"మా బావి దగ్గర ఆయిలింజను నేనే తిప్పుతానండి. ఎందుకట్లా అనేది మా సైన్సు సారు చెప్పారు."

"ఎవరితో వచ్చావు?"

వాడు ఒక్క క్షణం నావైపు చూశాడు. "మా ఊరాయనతోనండి" అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు. నా మాట పోకూడదని అన్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే, "అన్న నన్ను అందరికీ చూపించాడమ్మా" అని చెప్పాడు. నా ముఖం అమ్మ చూడకుండా బావి దగ్గరికి వెళ్లిపోయాను.

ఇద్దరి చదువులు మోసే స్తోమత నాన్నకు లేక, వాడు పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో చేరాడు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో వాడు బాగుచేయని ఇంజను, మోటారు లేదు. పై చదువులకు వెళ్లినవాళ్ల పేర్లు ఈ సంచికలో చాలా ఉన్నాయి. ఇంట్లో ఒకరు వెళ్లడానికి ఆగిపోయినవాళ్లూ ఈ బడి పిల్లలే. గురువులు వాళ్లనూ తలుచుకోవాలని నా మనవి.

మూడో వరుస చివర, తెల్లచొక్కాతో కూర్చున్నాడు చూడండి. నలభై ఏళ్లు దాటినా నేను చెప్పని మాట ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. అతను మా తమ్ముడు.

సెలవు.