మన పిల్లలు, పరిశోధనాలయాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం ముగించుకొని కూర్చున్న వేళ చదువుల సంగతి ఎత్తుకున్నందుకు మన్నించండి.

అరుప్పుకోట్టైలో మగ్గం, మిల్లు, అంగడి నమ్ముకొని బ్రతికిన మన ఇళ్లనుండి నేడు పిల్లలు ఇంజనీరింగు, సైన్సు కళాశాలలకు పోతున్నారు. సంతోషమే. అయితే పరిశోధన అంటే తల నెరసిన పండితులు చేసే పని అని మనలో చాలమందికి ఒక అభిప్రాయం ఉన్నది. అది పొరపాటు.

సర్ సి.వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా ఉండగానే, 1906లో, ఆయన మొదటి పరిశోధన వ్యాసం ఇంగ్లండు పత్రికలో అచ్చయింది. అంతదూరం ఎందుకు? మన జిల్లాలోని వత్రాయిరుప్పులో 1898లో పుట్టిన కె.ఎస్. కృష్ణన్ గారు 1920లో కలకత్తా వెళ్లి రామన్ గారిని ఆశ్రయించారు. 1928 నాటి రామన్ ఫలితం వెనుక ఆయన చేతిపని ఉన్నది. ఆ ఏడే మన తెలుగుబిడ్డ సూరి భగవంతం గారు, బి.ఎస్సీ. ముగించి, అదే ప్రయోగశాలలో చేరారు. 1957లో ఆయనే బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరు అయ్యారు.

ఆ ఇన్‌స్టిట్యూటులో 2011నుండి నాలుగేండ్ల డిగ్రీ చదువు కూడా ఉన్నది. చివరి ఏడు విద్యార్థి స్వయంగా పరిశోధన చేయవలె. అక్కడ సీటు దొరకనివారు నిరాశపడనక్కరలేదు. మద్రాసు ఐ.ఐ.టి. ఇతర కళాశాలల విద్యార్థులను వేసవిలో రెండు నెలలు పిలిచి, భత్యమిచ్చి పని నేర్పుతుంది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పు కూడా ఇటువంటిదే. దానికి కావలసినవి మార్కుల పట్టిక, ఉపాధ్యాయుని సిఫారసు లేఖ, ఏమి తెలుసుకోదలచితిరో స్వంతమాటలలో చిన్న వ్రాత. ఈ మూడవదానిలోనే మనవారు వెనుకబడుతున్నారు. ఎవరో వ్రాసినది కాపీ చేసి పంపుతారు! మన వీధిలో అద్దకపు నీరు ఎక్కడికి పోతుందో, దానిని శుభ్రపరచేదెట్లో ఆలోచించిన పిల్లకు వ్రాయడానికి విషయం కరవా? కోవిల్‌పట్టిలో 1901నుండి నల్లరేగడి నేలమీద ప్రత్తిని, మెట్టపంటలను పరిశోధిస్తున్నారే, ఎందరు మన పిల్లలు వెళ్లి చూచారు?

ఖర్చు మాట. 2023 జనవరినుండి, అర్హత పరీక్ష నెగ్గి పిహెచ్.డి.లో చేరినవారికి జూనియర్ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు. ఇంకెంతకాలం చదివించేది అనే తండ్రులు ఈ అంకె గుర్తుంచుకోండి.

మేమెరిగిన ఒక ఇంట్లో అమ్మాయికి అటువంటి వేసవి పిలుపు వచ్చింది. రెండు నెలలు పరాయి ఊళ్లో ఆడపిల్ల ఎట్లా ఉంటుందని పంపలేదు. హాస్టలు ఉన్నదని అడిగి తెలుసుకున్నవారు లేరు. అడగనందుకు మేమూ సిగ్గుపడుతున్నాము.

దరఖాస్తులు ఏటేటా పిలుస్తారు. ఆ దినాలలో పిల్లలు తమ వ్రాతలు తెచ్చి చూపితే, మాలో చదువుకున్నవారు కూర్చుండి చదివి దిద్దుతారు. ఆడపిల్లలతో వారి తల్లులూ వస్తే మంచిది.