శివరాత్రి దాటాక మంచు కోసం

(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు మాట్లాడేవాడి మీద ఎవరికీ ప్రేమ ఉండదని నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

నేనుండేది సింగపూర్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చెప్పబోయేది మంచు గురించి. ఈ మూడింటికీ పొంతన ఏమిటని ముందు వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నిజమే. మా ఊరు భూమధ్యరేఖకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ రెండే కాలాలు: వాన పడే కాలం, వాన పడబోయే కాలం. స్వెట్టరు కొనుక్కునేది ఆఫీసులో ఏసీ కోసం.

అయినా మాకూ ఒక చలికాలం ఉంది. డిసెంబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఈశాన్య రుతుపవనాలు వీస్తాయి. సైబీరియా, చైనాల మీద పేరుకున్న చల్లగాలి అప్పుడప్పుడు ఒక్కసారిగా దక్షిణ చైనా సముద్రం మీదుగా కిందికి దిగుతుంది. దారి పొడుగునా సముద్రం దాన్ని వెచ్చబెడుతుంది, తేమతో నింపుతుంది. బయల్దేరినప్పుడు అది మంచుగాలి. మా ఇంటి కిటికీకి చేరేసరికి ముసురు. 2018 జనవరి రెండో వారంలో అలాంటి గాలి వచ్చి ఉష్ణోగ్రత 21.2 డిగ్రీలకు దిగితే ఊరంతా పండగ చేసుకుంది. రైళ్ళలో జనం కోట్లు వేసుకున్నారు. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు దాటాయి. "నాన్నా, రేపు స్నో పడుతుందా?" అని అడిగింది. పడదు అనడానికి మనసు రాక "చూద్దాం" అన్నాను. తండ్రులు చేసే తప్పుల్లో "చూద్దాం" చాలా పెద్దది. అయిదేళ్ళు వెంటాడింది.

జురాంగ్‌లో సైన్స్ సెంటర్ పక్కన 2000లో స్నో సిటీ అని ఒకటి తెరిచారు. అక్కడికి తీసుకెళ్ళాను. అద్దెకిచ్చిన కోటు, బూట్లు వేసుకుని, మైనస్ 5 డిగ్రీల గదిలో రెండుసార్లు జారింది. బయటికొచ్చి "ఇది ఫ్రిజ్ నాన్నా" అంది. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న నాకు అంతకంటే మంచి నిర్వచనం తోచలేదు.

మీలో సియాటిల్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటే ఈ ఆశ సంగతి బాగా తెలుస్తుంది. మా పెదనాన్న కొడుకు అక్కడే ఉంటాడు. ఏటా ఫిబ్రవరి వెళ్ళిపోతుంటే వాతావరణం మ్యాపులు ముందేసుకుని కూర్చుంటాడు, పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు. అక్కడి చిక్కు ఇది. పసిఫిక్ నుంచి వచ్చే గాలిలో తేమ ఉంటుంది, చలి ఉండదు. కెనడా లోపలి నుంచి వచ్చే గాలిలో చలి ఉంటుంది, తేమ ఉండదు. రెండూ ఒకే రోజున ఒకే చోట కలిస్తేనే మంచు. లేకపోతే మళ్ళీ వానే. 2019 ఫిబ్రవరిలో అలా కలిసి, అక్కడి విమానాశ్రయం దగ్గర ఆ ఒక్క నెలలోనే 20 అంగుళాలు పడింది. ఆ ఫోటోలు మా అమ్మాయికి చూపించి మా అన్నయ్య నాకు చేసిన అపకారం అంతా ఇంతా కాదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సింగపూర్ బడుల్లో మాతృభాషగా చైనీస్, మలయ్, తమిళం చదువుకోవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకూ వీలుంది. తెలుగుకు లేదు. అక్కడ మన తెలుగు సమాజం 1975 నుంచీ ఉన్నా, ఆ జాబితాలో మనం లేము. మా అమ్మాయి హిందీ తీసుకుంది. ఒకరోజు హిందీ హోంవర్కు చేస్తూ తల ఎత్తింది. "హిందీలో స్నో అంటే బర్ఫ్, డ్యూ అంటే ఓస్, ఫాగ్ అంటే కోహరా, ఫ్రాస్ట్ అంటే పాలా. తెలుగులో ఏమంటారు?" నేను లెక్కపెట్టుకున్నాను. మంచు, మంచు, మంచు, మంచు. పొగమంచు అని ఒకటుందని నసిగాను. హిమం, తుషారం, నీహారం అని సంస్కృతం వైపు పరిగెత్తాను. అది నా వైపు జాలిగా చూసింది. "అంటే మీకు ఏదీ సరిగ్గా కనపడలేదు, అందుకే ఒకటే మాట పెట్టుకున్నారు" అని తేల్చేసింది.

"మీకు" అంది చూశారా. "మనకు" అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే లంబసింగి వెళ్దామనుకున్నాను. మాది నర్సీపట్నం. నాన్నగారు చింతపల్లి వైపు ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. లంబసింగి ఆ దారిలోనే, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. ఒక జనవరిలో తెల్లవారుజామున తన సైకిలు సీటు మీద తెల్లగా పేరుకుంటే గోటితో గీకి చూశానని నాన్న నా చిన్నప్పుడు చెప్పేవారు. నేను ఆ కథ వింటూ పెరిగాను గానీ ఒక్కసారీ చూడలేదు. నలభై ఏళ్ళు దాటాయి.

డిసెంబరు సెలవుల్లో వెళ్ళాలి నిజానికి. కానీ ఏడాది చివర సిస్టం మార్పిడి అని మా ఆఫీసులో నాకు సెలవు ఇవ్వలేదు. మిగిలింది మార్చిలో వారం రోజుల బడి సెలవు. 2023 మార్చి. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 18న వెళ్ళిపోయింది. నాన్నకు ఫోన్ చేస్తే "శివరాత్రికి చలి శివశివా అని పోయింది కదరా, ఇంకేటి మంచు?" అన్నారు. నేను "చూద్దాం" అన్నాను, మళ్ళీ.

విశాఖలో దిగి, నర్సీపట్నంలో ఒక పూట ఆగి, 15వ తేదీ రాత్రికి ఘాట్ ఎక్కాం. మోకాళ్ళ నొప్పులతో నాన్న కూడా వచ్చారు. వద్దంటే వినలేదు. మా అమ్మాయి సింగపూర్ నుంచి చిన్న థర్మామీటరు తెచ్చుకుంది.

గడ్డి మీద మంచు ఎలా గడ్డకడుతుందో రెండు మాటల్లో చెబుతాను. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే నిలబడిపోతుంది. గడ్డిపోచ సున్నా డిగ్రీలకు చేరితే దాని మీది తేమ తెల్లగా గడ్డకడుతుంది. మబ్బు పట్టిందంటే నేలకు దుప్పటి కప్పినట్టే, వేడి బయటికి పోదు. అంటే మనకు కావలసింది ఆకాశంలో ఏమీ లేకపోవడం. ఆ వారం తెలుగునాట ఆకాశంలో అన్నీ ఉన్నాయి.

16వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పొలం గట్టు మీద నిలబడ్డాం. చుక్క ఒక్కటీ లేదు. థర్మామీటరు 17 చూపించింది. ఆరింటికి వెలుతురొచ్చింది. గడ్డి తడిగా ఉంది. లోయలో పల్చటి పొగలాంటిది మెల్లగా కదులుతోంది. కాసేపటికి సన్నటి తుంపర మొదలైంది. మేము ఆరు వేల కిలోమీటర్లు రానూపోనూ ప్రయాణం పెట్టుకుని చూడ్డానికొచ్చింది సింగపూర్ వాననే.

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే నాన్న గట్టు మీద కూర్చుని దాన్ని దగ్గరికి పిలిచారు. గడ్డి మీద దాని అరచెయ్యి ఆనించి "ఇదేటమ్మా?" అన్నారు. "డ్యూ" అంది. "మంచు" అన్నారు. లోయ చూపించి "అదేటి?" అన్నారు. "ఫాగ్." "అదీ మంచే. ఇదే నీళ్ళు పైకి లేస్తే అది. ఇదే నీళ్ళు చలికి బిగుసుకుంటే నా సైకిలు సీటు మీద చూశానే, అది. మేము నీళ్ళని చూసి పేరు పెట్టాం తల్లీ, దాని వేషాన్ని చూసి కాదు." అది భాషాశాస్త్రం ప్రకారం ఎంతవరకు నిలబడుతుందో నాకు తెలియదు, ఇక్కడున్న పండితులు నన్ను క్షమించాలి. కానీ అమ్మాయి చెయ్యి గడ్డి మీదనుంచి తియ్యలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. 17వ తేదీన నర్సీపట్నంలో టీవీ పెడితే, ముందురోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి దగ్గర నేలంతా తెల్లగా పరుచుకున్న దృశ్యాలు. కాశ్మీరులా ఉందని అంతా ఫోన్లలో పంపుకుంటున్నారు. మా అమ్మాయి గెంతింది. "తాతా, స్నో! మనం తప్పు ఊరికెళ్ళాం!" నాన్న నవ్వలేదు. "అవి వడగళ్ళు. అక్కడ ఎవరి చేనో పోయింది" అన్నారు. నిజంగానే పోయాయి. ఆ నాలుగు రోజుల వానలకు, వడగళ్ళకు తెలంగాణలో మొక్కజొన్న, మామిడి, కూరగాయలు దెబ్బతిన్నాయి. మార్చి 23న ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. అయిదేళ్ళుగా నేను కోరుకుంటున్న తెల్లదనం, మన నేల మీద, కాలం దాటిన తర్వాత, ఆ రూపంలో దిగింది. అమ్మాయి ఆ వీడియోను మళ్ళీ ఒకసారి చూసింది. ఈసారి తెలుపును కాదు, దాని కింద ఒరిగిపోయిన మొక్కల్ని. ఆ వీడియోను నేను ఎవరికీ పంపలేదు.

సింగపూర్ తిరిగొచ్చిన రెండు నెలలకు, మే 13న, ఆంగ్ మో కియోలో 37 డిగ్రీలు నమోదైంది. 1983 నాటి రికార్డుతో సమానం. స్నో మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాన్న ఆ తర్వాత ఘాట్ ఎక్కలేదు. మోకాళ్ళు సహకరించడం లేదు. కానీ ప్రతి ఆదివారం ఫోన్‌లో మనవరాల్ని ఒకటే అడుగుతారు: "ఏమ్మా, మీ ఊళ్ళో మంచు పడిందా?" ఇద్దరికీ అదొక వేళాకోళం.

2025 జనవరిలో మళ్ళీ ఉత్తరాది గాలి వచ్చింది. 10, 11 తేదీల్లో, ఆ రెండు రోజుల్లోనే చాంగీ దగ్గర జనవరి నెల మొత్తం సగటును మించిన వాన పడింది. ఆదివారం ఫోన్ మోగింది. అదే ప్రశ్న. మా అమ్మాయి కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టి చూసి చెప్పింది.

"లేదు తాతా. ముసురు పట్టింది."

ఆ మాట నేనెప్పుడూ దానికి నేర్పలేదు. ఎక్కడ పట్టుకుందో తెలియదు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నాన్న గొంతు సవరించుకుని, "అయితే మీ అమ్మని పకోడీలు వెయ్యమను" అన్నారు.

భోజనాల గంట కొడుతున్నారు. సెలవు.