బేతంచెర్ల బండల ఫ్యాక్టరీకి ఎస్‌డీ-వ్యాన్ అవసరమా?

సెన్సర్ పెట్టడం ఈరోజుల్లో పెద్ద పని కాదు. ఆ సెన్సర్ చెప్పే మాట ఓనరు దాకా ఏ దారిలో వెళ్తుంది, దారి తెగితే ఏమవుతుంది? ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. టాపిక్ పేరు ఎస్‌డీ-వ్యాన్. పేరు చూసి భయపడొద్దు.

మన బేతంచెర్లనే తీసుకుందాం. చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. ఒక ఓనరుకు ఇక్కడ రెండు యూనిట్లు, దూరంగా ఒక గని, కర్నూలులో ఒక షోరూం ఉన్నాయనుకోండి. కటింగ్ మెషీన్ల మోటార్లకు సెన్సర్లు, గనిలో నీళ్లు తోడే పంపుకు ఇంకొకటి, అన్నిచోట్లా కెమెరాలు. ఈ నాలుగు చోట్లనూ కలిపేదే వ్యాన్.

పెద్ద కంపెనీలు ఇందుకోసం ఎంపీఎల్ఎస్ లైన్లు అద్దెకు తీసుకునేవి. నమ్మకమైనవే, కానీ ఖరీదు. ఎస్‌డీ-వ్యాన్‌లో అయితే ఉన్న ఫైబర్, ఉన్న 4జీ సిమ్ చాలు. ప్రతి చోటా ఒక చిన్న పెట్టె పెడతారు. పెట్టెల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెళ్లు ఉంటాయి. ఏ డేటా ఏ లైన్లో పోవాలో రూల్స్ అన్నీ ఒకేచోట, కంట్రోలర్‌లో రాసుకుంటాం.

"రెండు లైన్ల రౌటర్ మా దగ్గర ఉంది కదప్పా" అంటారు కొందరు. మామూలు రౌటర్ చాలావరకు లైను బతికుందా, చచ్చిందా అనే చూస్తుంది. మన దగ్గర లైను పూర్తిగా చావదు కదా, కొన ఊపిరితో ఉంటుంది! లైటు పచ్చగానే వెలుగుతుంటుంది, పదింట్లో మూడు ప్యాకెట్లు గాల్లో కలిసిపోతుంటాయి. ఎస్‌డీ-వ్యాన్ పెట్టె రెండు లైన్ల మీదా ఆగకుండా చిన్న ప్యాకెట్లు పంపి ఆలస్యం ఎంత, నష్టం ఎంత అని కొలుస్తుంది. ఫైబర్ నీరసిస్తే ముఖ్యమైన డేటాను సిమ్ మీదికి మారుస్తుంది.

ఏది ముఖ్యమో లెక్క వేద్దాం. 2 ఎంబీపీఎస్ కెమెరా ఒక్కటి రోజంతా నడిస్తే 21.6 జీబీ. వంద సెన్సర్లు 10 సెకన్లకోసారి 200 బైట్లు పంపినా రోజుకు 173 ఎంబీ దాటదు. అంటే కెమెరాను ఫైబర్‌కే కట్టేసి, సెన్సర్ అలారాన్ని రెండు లైన్ల మీదా ఒకేసారి పంపినా సిమ్ డేటా అయిపోదు. నాకు ఎస్‌డీ-వ్యాన్‌లో బాగా నచ్చింది ఇదే.

రెండోది సెక్యూరిటీ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకుంది. ఆ అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద వాటితో దాడి చేస్తే ట్విట్టర్ లాంటి సైట్లే చాలామందికి తెరుచుకోలేదు. మనవాళ్లు ఫోన్‌లో కెమెరా చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ పెడతారు. అంటే వీధి తలుపు తీసి పెట్టినట్టే. ఎస్‌డీ-వ్యాన్‌లో కెమెరాలకు ఒక గది, బిల్లింగ్ కంప్యూటర్‌కు ఇంకో గది. పెట్టే బయటికి ఫోన్ చేసినట్టు కనెక్ట్ అవుతుంది కాబట్టి సిమ్‌కు పబ్లిక్ ఐపీ లేకపోయినా నడుస్తుంది.

ఇక సేల్స్‌వాళ్లు చెప్పని సంగతి. మన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. మీరు తీసుకున్న రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభం మీద వేలాడుతుంటే, గాలికి ఆ స్తంభం పడిన రోజు ఏ పెట్టె కూడా ఏమీ చేయలేదు. అందుకే రెండో దారి సిమ్ అయితే మేలు. దాని టవరుకు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కూడా విచారించుకోండి.

ఇంకోటి, మోటారు వేడెక్కితే ఆపే నిర్ణయం మాత్రం ఏ నెట్‌వర్క్ మీదా పెట్టొద్దు. ఆ రిలే మెషీన్ పక్కనే ఉండాలి. నెట్ పని కబురు చెప్పడం వరకే.

ఒకే యూనిట్ ఉన్నవాళ్లకు నా సలహా, ఇది కొనొద్దు. మంచి డ్యూయల్ సిమ్ రౌటర్, కెమెరాలకు వేరే వీలాన్, కొత్త పాస్‌వర్డ్, అంతే. నాలుగైదు చోట్లు దాటితే అప్పుడు లెక్క మారుతుంది. మన పక్కనే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. అంత విస్తీర్ణంలో ఇన్వర్టర్ల లెక్కలు చూడటానికి మనిషిని పంపలేం కదా.

కొనేముందు వెండర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. కంట్రోలర్ అందకపోతే పెట్టె పాత రూల్స్‌తో నడుస్తుందా? లైసెన్స్ గడువు తీరిన మర్నాడు డేటా పోతుందా, ఆగుతుందా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి.