ఆట చూచేవారి ఆగ్రహం

ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని కళాశాల జట్లు ఫుట్‌బాల్ ఆడుతూంటే క్రికెట్టుకు మూగినంత జనం మూగరు. కాని వచ్చిన ఆ కొద్దిమంది ఆగ్రహం కొద్దిపాటిది కాదు. ఓటమిని వారు ఓర్చుకోగలరు. ఎప్పుడూ ఒకే తీరున ఓడడాన్ని ఓర్చుకోలేరు. వెనుకవాడు బంతిని ఎత్తి బలంగా ముందుకు కొడతాడు. ముందు ఒంటరిగా నిలిచిన కుర్రవాడు ముగ్గురు ప్రత్యర్థుల నడుమ దానికోసం ఎగురుతాడు. బంతి వచ్చిన దారినే తిరిగి వస్తుంది. ఆట ముగిసేదాకా ఇదే తంతు. "ఈ శిక్షకునికి మరొక పాఠం రాదా?" అని గట్టుమీదనుండి కేకలు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎమ్మిగనూరు మగ్గాల నడుమ పుట్టి పెరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు. పడుగొక్కటే ఉంటే బట్ట కాదు. నిలువుగా సాగే పెద్ద దెబ్బ పడుగైతే, ప్రక్కవానికి అందించే చిన్న బంతి పేక. నాడె అటూ ఇటూ ఆడితేనే నేత.

దాడిలో బలం కంటె ముఖ్యం ఎదుటివానిని సందేహంలో పడవేయడం. 1953 నవంబరులో హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3 గోల్స్‌తో ఓడించినది. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిడెగ్‌కుటి గోలు ముంగిట నిలువక, వెనుకకు జరిగి ఆడాడు. అతనిని వెంబడిస్తే రక్షణలో ఖాళీ ఏర్పడుతుంది. విడిచిపెడితే అతడు తీరికగా బంతిని నడుపుతాడు. ఇంగ్లండు రక్షకులు ఎటూ తేల్చుకోలేకపోయారు. అతడొక్కడే మూడు గోల్స్ చేశాడు.

మనవారిలో ఈ మర్మం ఎరిగిన మేధావి హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పు గెలిచినది. బంతిని కాళ్లలో పెట్టుకొని త్రిప్పరాదనీ, బలహీనమైన కాలితోనే ఆడవలెననీ నియమాలు పెట్టి ఆయన పోటీలు నడిపించేవాడట. అయినా ఆయన శిక్షణలోని భారత జట్టే 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినది. నాలుగేండ్ల పిమ్మట మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచి, నాలుగవ స్థానం పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి పందెంలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. రహీమ్ పాత పాఠాన్నే పట్టుకొని వ్రేలాడలేదు. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును సెమీఫైనలులో ముందు వరుసకు తెచ్చి నిలిపాడు. ఫైనలులో అదే కొరియాపై 2-1 విజయం. అందులో ఒక గోలు జర్నైల్‌ది.

మరి మన కళాశాల శిక్షకుడు ఆ పెద్ద దెబ్బనే ఎందుకు నమ్ముకొన్నాడు? అభ్యాసం అన్నిటికంటె తక్కువగా కోరే పద్ధతి అది గనుక. పలు కళాశాలలలో ఒక్క వ్యాయామోపాధ్యాయుడే కబడ్డీకి, వాలీబాలుకు, పరుగు పందేలకు కూడా దిక్కు. పోటీలకు ముందు దొరికేవి కొన్ని సాయంకాలాలు. పదకొండుమంది ఒకరి కదలిక మరొకరు ఎరిగేటంత పరిచయం అందులో కుదరదు. పైగా నల్లరేగడి నేల ఎండితే బీటలువారుతుంది, తడిస్తే కాలిని పట్టుకుంటుంది; నేలమీద చిన్న బంతి చక్కగా దొర్లదు. ఇవి నిజమైన కారణాలే, కాని సమాధానానికి చాలవు. ఎదుటి జట్టూ ఆ నేలమీదనే ఆడుతున్నది గదా!

నాకు బాధ కలిగించేది మరొకటి ఉన్నది. ఆ కేకలు శిక్షకునికంటె ముందు, మైదానంలో ఒంటరిగా నిలిచిన పందొమ్మిదేండ్ల కుర్రవానికి తగులుతాయి. అందని చోటికి బంతిని పంపడం పథకంలోని లోపం. అయినా పేరుపెట్టి పిలిచి నవ్వేది వానినే. అటువంటివాడు మరుసటి ఏడు జట్టులోకి రానంటే ఆశ్చర్యమేమి? శిక్షకుని అడుగదలచినవారు పందెం నాడు గాక, అభ్యాసం జరిగే సాయంకాలం వెళ్లి అడుగవచ్చును: ఆ కుర్రవానికి తోడుగా రెండవవానిని ఎందుకు నిలుపలేదు, ప్రక్కలనుండి బంతి ఎందుకు రాదు అని. ఆ వేళ గట్టుమీద చోటుకు కొదువ ఉండదు.