బీమా పత్రం ఉన్నది, వైద్యుడు లేడు
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రాన్సు దేశపు గ్రామసీమలలో కుటుంబ వైద్యుల కొరత అనునది నాకు కేటాయించబడిన అంశం. రైలుపట్టాల మీద, ఉత్తరాల సంచుల మధ్య జీవితం గడిపే మనకు పరదేశపు పల్లె వైద్యునితో పని యేమి అన్న సందేహం కొందరికి కలుగవచ్చును. కాని ఈ కథలో రైల్వేస్టేషనూ ఉన్నది, పోస్టాఫీసూ ఉన్నది. అవి అందులో వహించిన పాత్రను వివరించడమే నా ఉద్దేశ్యం.

ముందుగా పరిస్థితిని చూతము. 2004 నాటి చట్టం ద్వారా ఫ్రాన్సులో ప్రతి వ్యక్తి ఒక వైద్యుని తన కుటుంబ వైద్యునిగా నమోదు చేసుకొనే పద్ధతి వచ్చినది. ఆయన వద్దకు వెళ్లినపుడు సాంఘిక భద్రతా నిధి ఫీజులో 70 శాతం భరిస్తుంది. అటువంటి నమోదు లేని వానికి సాధారణ నియమం ప్రకారం 30 శాతమే దక్కుతుంది. 2024 డిసెంబరు నుండి ఫీజు 30 యూరోలు. అయినను, ఆ దేశంలో రమారమి 60 లక్షల మందికి కుటుంబ వైద్యుడే లేడు. వీరిలో అనేకులు నిర్లక్ష్యంతో నమోదు మానుకొన్నవారు కారు. ఊరి వైద్యుడు వృద్ధుడై పదవీ విరమణ చేసినాడు. ఆ స్థానంలోకి మరొకరు రాలేదు. పొరుగూరి వైద్యుడు క్రొత్త రోగులను చేర్చుకోలేనంటున్నాడు. ఇటువంటి ప్రాంతాలను ఫ్రెంచివారు "వైద్య ఎడారులు" అని పిలుస్తున్నారు. పారిస్ నగర పరిసరాలలోని పేటలలోను ఈ బాధ ఉన్నది. కాని ప్రయాణ సౌకర్యం లేని పల్లెలలోని వృద్ధులకు అది మరింత దుర్భరం.

ఈ దేశమేమీ వెనుకబడిన దేశం కాదు. 1945 అక్టోబరు శాసనాలతో అక్కడ సాంఘిక భద్రతా వ్యవస్థ ఏర్పడినది. పియేర్ లారోక్ అను అధికారి దానిని రూపొందించగా, లోహ కార్మికుడుగా జీవితం ప్రారంభించి సి.జి.టి. నాయకుడై, 1945 నవంబరులో కార్మిక మంత్రి అయిన ఆంబ్రువాజ్ క్రువజా దానిని దేశమంతటా నెలకొల్పినాడు. ఆనాటి ప్రాథమిక నిధుల పాలకమండళ్లలో నాలుగింట మూడు వంతుల స్థానాలు కార్మిక ప్రతినిధులవే. జబ్బు చేసినపుడు డబ్బు లేదన్న భయాన్ని ఆ వ్యవస్థ చాలవరకు తొలగించినది. అయితే అది వైద్యానికయ్యే ఖర్చును భరించే వ్యవస్థ మాత్రమే. వైద్యుడు ఏ ఊరిలో ఉండవలెనన్నది దాని చేతిలో లేదు. 1927లో వైద్యుల సంఘాలు ఆమోదించిన ప్రకటన ప్రకారం వైద్యుడు తన ఇష్టం వచ్చిన చోట వృత్తి పెట్టుకొనవచ్చును. ఆ స్వేచ్ఛ 1945 తరువాత కూడా అలాగే నిలిచినది.

ఇక కొరత ఎట్లు పుట్టినది? అది దైవికంగా వచ్చిన కరవు కాదు. 1971లో వచ్చిన చట్టం వైద్య విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించినది. దీనినే "న్యూమరస్ క్లాజస్" అన్నారు. తొలుత ఏటా సుమారు 8,500 మందికి ప్రవేశం ఉండగా, 1993 నాటికి దానిని 3,500కు దించివేసినారు. వైద్యులు తగ్గితే మందుల చీటీలు తగ్గును, చీటీలు తగ్గితే నిధుల ఖర్చు తగ్గును అన్నది ప్రభుత్వ తర్కం. పోటీ తగ్గుతుందని వైద్యుల సంఘాలలో పలువురు దానిని హర్షించినారు. అంతటితో ఆగక, 1988లో వైద్యులకు డబ్బిచ్చి ముందుగానే విరమింపజేసే పథకం ప్రవేశపెట్టినారు. అది 2003 వరకు సాగినది. రోగుల సంఖ్య గాని, వారి వయస్సు గాని ఆ లెక్కలకు లోబడి తగ్గలేదు.

2019 నాటి చట్టం ఆ పరిమితిని తొలగించినది. కాని ఫ్రాన్సులో ఒక సాధారణ వైద్యుడు తయారగుటకు తొమ్మిదేండ్లు పట్టేది. ఇటీవలి మార్పుతో అది పదేండ్లయినది. లోకో పైలట్ల నియామకం ఆపివేసిన రైల్వేకు ఏమగునో మీకు తెలియును. ఆపుటకు ఒక్క సంతకం చాలును. తిరిగి నింపుటకు సంవత్సరాలు పట్టును.

మరి ఉన్న వైద్యులైనా పల్లెలకు ఎందుకు వెళ్లరు? ఇక్కడ యువ వైద్యుల మాట కూడా వినవలెను. పాత తరం పల్లె వైద్యుడు రాత్రింబవళ్లు ఒంటరిగా పనిచేసినాడు; ఇంటి పని, లెక్కల పని తరచు భార్య ఉచితంగా చేసినది. నేటి యువతీ యువకులు అట్లు బ్రతకలేమంటున్నారు. పని గంటల కొరకు పోరాడిన మనం ఆ మాటను తప్పు పట్టజాలము. తన జీవిత భాగస్వామికి ఉద్యోగం దొరుకునా, పిల్లలకు బడి ఉన్నదా, ప్రసవానికి ఆసుపత్రి ఎంత దూరం, పట్టణానికి రైలు ఉన్నదా అని వారు అడుగుతున్నారు.

జవాబులు చూడుడు. 1930 ప్రాంతంలో 40 వేల కిలోమీటర్లకు పైబడిన ఫ్రెంచి రైలు మార్గాలు నేడు సుమారు 28 వేల కిలోమీటర్లు. 1975లో 1,300కు పైగా ఉన్న ప్రసూతి కేంద్రాలు నేడు 500కు లోపు. తపాలా సంస్థ లా పోస్త్ 17 వేల కేంద్రాలను నిలుపవలెనని చట్టం ఉన్నది. కాని వాటిలో అనేకం నేడు పోస్టాఫీసులు కావు, పురపాలక కార్యాలయంలోనో కిరాణా కొట్టులోనో ఒక బల్ల మాత్రమే. స్టేషను, పోస్టాఫీసు, బడి, ఆసుపత్రి ఒక్కొక్కటిగా తొలగిన ఊరికి వైద్యుడొక్కడు వచ్చి నిలువవలెననుట న్యాయమా?

విచిత్రమేమనగా, ఖాళీ అయిన ఆ చోటును తిరిగి మన శాఖల ద్వారానే నింపజూస్తున్నారు. 2023 నవంబరులో రైల్వే సంస్థ ఎస్.ఎన్.సి.ఎఫ్. 2028 నాటికి 300 స్టేషన్లలో దూరవైద్య కేంద్రాలు నెలకొల్పుతామని ప్రకటించినది. అక్కడ ఒక నర్సు సహాయంతో రోగి తెరమీద వైద్యునితో మాటలాడవలెను. వైద్యుల మండలి దీనిని విమర్శించినది. అంతకు ముందే, 2017లో, పోస్టుమాన్ వృద్ధుల ఇంటికి వెళ్లి కుశలం విచారించే సేవను లా పోస్త్ నెలసరి రుసుముకు అమ్మకానికి పెట్టినది. ఉత్తరం అందించుచు "అవ్వా, ఎట్లున్నావు?" అని అడుగుట పోస్టుమాన్ ఏనాడూ ధర కట్టని పని. ఏమీ లేనిచోట తెరమీది వైద్యుడైనా మేలే. కాని పొట్ట తాకి చూచే చేయి, ఇరువది ఏండ్లుగా ఆ కుటుంబాన్ని ఎరిగిన జ్ఞాపకం తెరకు ఉండవు.

పరిష్కారాల విషయమై ఫ్రాన్సులో తీవ్ర వాదం నడచినది. పల్లెకు వచ్చేవారికి అదనపు డబ్బు ఇచ్చి చూచినారు. అది ఒక్కటే చాలలేదు. మందుల దుకాణం జనసంఖ్యను బట్టి మాత్రమే తెరువవలెనన్న నియమం అక్కడ ఉన్నది. నర్సులకు కూడ నియంత్రణ ఉన్నది. వైద్యులకు మాత్రం లేదు. మయెన్ జిల్లా ప్రతినిధి గియోమ్ గారో తెచ్చిన బిల్లు, వైద్యులు చాలినంత ఉన్న ప్రాంతంలో ఒకరు విరమిస్తేనే మరొకరు ప్రవేశించవలెనని కోరినది. 2025 మే 7న జాతీయ సభ దానిని మొదటి పఠనంలో ఆమోదించినది. అంతకుముందే ఏప్రిల్ చివరలో యువ వైద్యులు, విద్యార్థులు దానికి వ్యతిరేకంగా సమ్మెకు దిగినారు. కొరత అంతటా ఉన్నపుడు ఈ నియమం కొరతనే పంచునని వారి వాదన. అందులో కొంత సత్యమున్నది. కాని ఉన్నదానిని న్యాయంగా పంచుట కూడా చిన్న విషయం కాదు.

మరొక మార్గం సోన్-ఎ-ల్వార్ జిల్లా చూపినది. 2018 నుండి ఆ జిల్లా పరిషత్తే ఆరోగ్య కేంద్రం నెలకొల్పి, సాధారణ వైద్యులను నెలజీతంపై నియమించి, శాఖా కేంద్రాల ద్వారా పల్లెలకు పంపినది. వైద్యునికి నిర్ణీత పని వేళలు, సెలవులు, సహోద్యోగులు. రోగికి మామూలు ఫీజే. వైద్యుడు జీతగాడైతే వృత్తి గౌరవం పోవునన్న భయానికి ఇది ఆచరణలో ఇచ్చిన సమాధానం.

సోదరులారా, మనలో పలువురు రైల్వే ఆసుపత్రికి, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి సమీపంలో ఉద్యోగం చేసి, విరమణానంతరం స్వగ్రామం చేరుచున్నాము. అప్పుడు చేతిలో కార్డు ఉండును, ఆసుపత్రి దూరమగును. కనుక ఫ్రాన్సు అనుభవం నుండి మనం గ్రహించవలసినవి రెండు. మొదటిది: వైద్య సౌకర్యం కోరినపుడు ఖర్చు చెల్లింపుతో తృప్తి చెందరాదు, ఏ ఊరిలో, ఎందరు వైద్యులు, ఎంత దూరంలో అని అడుగవలెను. రెండవది: ఒక చిన్న స్టేషను, ఒక పల్లె పోస్టాఫీసు నిలుపుటకు చేసే పోరాటం మన ఉద్యోగాల కొరకు మాత్రమే కాదు. ఆ ఊరిలో ఉపాధ్యాయుడు, నర్సు, వైద్యుడు నిలుచుటకు కావలసిన నేలను కాపాడుట కూడా అదే. ఈ మాటను మన మహజర్లలో వ్రాయుడు, ఊరివారికి చెప్పుడు. వారు మన ప్రక్కన నిలుచుటకు ఇంతకంటె బలమైన కారణం వేరొకటి లేదు.