ఉన్ని చిలప - అమ్మకపు పన్ను

జీవనోపాధికై కుట్టుపని చేయువాడు దారము కొనినపుడు, దానిపై చెల్లించిన పన్నును కుట్టుకూలిలో కలుపుకొనును. తీరికవేళ ఉన్ని అల్లెడి గృహిణికి, మనుమలకై బొంతలు కుట్టెడి వృద్ధురాలికి, ఆదివారములందు కొయ్యబొమ్మలు చెక్కెడి గుమాస్తాకు అట్టి వీలు లేదు. వారు అమ్ముకొనుటకు చేయువారు కారు గనుక పన్ను భారము వచ్చి వారియొద్దనే ఆగిపోవును. అందుచేతనే కాబోలు, సరకు ఎక్కడ కొనవలెనను విషయమున వారు చూపెడి నేర్పు ఒక్కొక్కప్పుడు వర్తకులలో సైతము కానరాదు. ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఆ నేర్పును గూర్చియు, దానికి హేతువైన అమ్మకపు పన్నును గూర్చియు.

ఈ పన్ను మనకు క్రొత్తది కాదు. సరకులన్నిటికిని సామాన్యముగ వర్తించు అమ్మకపు పన్నును భారతదేశమున మొట్టమొదట విధించినది మదరాసు రాజధానియే. అది 1939లో, రాజగోపాలాచారిగారి మంత్రివర్గపు కాలమున జరిగినది. ఎల్ల దాటిన పన్ను తగ్గునను రహస్యము గోదావరి తీరవాసులకు బాగుగ ఎఱుక; పెట్రోలు కొఱకు యానాము వైపు బండి త్రిప్పెడివారు కాకినాడ ప్రాంతమున నేటికిని కలరు. అయితే చేతిపని సరకు విషయమున ఎల్ల యొక్క మహిమ సంపూర్ణముగ తెలియవలెనన్న అమెరికా సంయుక్త రాష్ట్రముల వైపు చూడవలెను. మనము 2017లో తెచ్చుకొనిన వస్తుసేవల పన్ను వంటిది అక్కడ లేదు. 50 రాష్ట్రములలో 45 తమ తమ ఇచ్చవచ్చినట్లు అమ్మకపు పన్ను విధించుచున్నవి. ఆరెగాన్, మోంటానా, డెలావేర్, న్యూ హాంప్‌షైర్, అలాస్కా - ఈ అయిదింట రాష్ట్రపు పన్ను లేదు. పన్నుగల చోట్ల జిల్లాలును పట్టణములును పైన తమ వంతు చేర్చుచుండును. ఇట్టి పన్ను మండలములు ఆ దేశమున పదివేలకు పైబడియున్నవి.

వాషింగ్టన్ రాష్ట్రమునకును ఆరెగానునకును నడుమ కొలంబియా నది ప్రవహించుచున్నది. ఉత్తరపు గట్టున వాంకూవర్ పట్టణము, దక్షిణపు గట్టున పోర్ట్‌లాండ్ నగరము. రెంటిని కలుపుచు 1917 నాటి వంతెన ఒకటి, 1982 నాటి వంతెన మరియొకటి కలవు. వాషింగ్టనులో రాష్ట్రపు పన్ను నూటికి 6.5, స్థానికపు వంతు కలిసినచో వాంకూవరులో అది 8 దాటును. ఒక పెద్ద స్వెట్టరునకు కావలసిన మేలిరకపు ఉన్ని 100 డాలర్లనుకొందము. ఉత్తరపు గట్టున కొనినచో దానిపై 8 డాలర్లకు మించిన అదనము. దక్షిణపు గట్టున సున్న.

వంతెన దాటుటకు పెట్రోలును కాలమును ఖర్చగును గదా యని శ్రోతలు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. ఒక గుండీ కొఱకు, ఒక దారపుటుండ కొఱకు ఎవరును నది దాటరు. కాని అల్లికయందు అభిరుచి గలవారు కూరగాయలవలె ఏనాటి అవసరమునకు ఆనాడు కొనువారు కారు. ఉన్ని క్రుళ్ళదు, బరువుండదు, చిమ్మట పట్టకుండ చూచుకొనిన పెట్టెలో ఏండ్ల తరబడి నిలువయుండును. రాబోవు శీతకాలమునకు, ఆపై శీతకాలమునకు గూడ ఒక్కమారే కొని దాచుకొనుట ఆ వినోదములో ఒక భాగము. (అల్లుట ఒక సరదా, ఉన్ని కొనుట మరియొక సరదా యని వారిలో వారే నవ్వుకొందురు.) కొనుగోళ్ళను ఇట్లు కుప్పవేసి ఒక్క ప్రయాణమున ముగింపగలవారికి నూటికి ఎనిమిది స్వల్పము కాదు. కుట్టుమిషను మాట చెప్పనక్కరయే లేదు. 2000 డాలర్ల యంత్రముపై 160 డాలర్లకు మించి మిగులును.

చట్టము ఈ మార్గమును చూచి ఊరకుండలేదు. వాషింగ్టన్ రాష్ట్రము 1935లో అమ్మకపు పన్నుతో పాటే వాడుక పన్ను అను దానిని గూడ ఏర్పరచినది. పరరాష్ట్రమున పన్ను లేకుండ కొనిన వస్తువును ఇంటికి తెచ్చి వాడుకొనినచో, అంతే పన్నును కొన్నవారే లెక్కగట్టి చెల్లింపవలెను. 1937లో సుప్రీము కోర్టు ఇది న్యాయసమ్మతమే యని తీర్పు చెప్పినది. మోటారుకారునైనచో రిజిస్టరు చేయించునపుడు ఈ పన్ను తప్పదు. ఉన్ని చిలపను రిజిస్టరు చేయించువారెవరు? పెక్కు రాష్ట్రములు ఆదాయపు పన్ను పత్రములో ఇందుకై ఒక గడిని గూడ ఉంచినవి. దానిని నింపువారు బహు స్వల్పము. ఇది ప్రజల నీతిలోపమని తోసివేయుట మాకు సమ్మతము కాదు. అమలు జరుపు వీలులేని బాధ్యతను పౌరుని మనస్సాక్షికి వదలి, పిదప ఆ మనస్సాక్షినే నిందించుట ప్రభుత్వములకు శోభ గాదు.

ఉత్తరపు గట్టున అంగడి పెట్టుకొనినవారి కష్టము ఇంకొకటి కలదు. ఆరెగాను నుండి వచ్చిన కొనుగోలుదారులు 2019 జూన్ వఱకు తమ గుర్తింపు పత్రమును చూపి పన్ను లేకుండ కొనగలిగెడివారు. ఆ జూలై 1 నుండి వారు మొదట పన్ను చెల్లించి, రసీదులు దాచుకొని, ఏడాది కొకమారు రాష్ట్రపు వంతును మాత్రము తిరిగి కోరవలెను. అదియు 25 డాలర్లకు తక్కువ గాకుండ. నూటికి 6.5 చొప్పున 25 డాలర్లు కావలెనన్న దాదాపు 385 డాలర్ల సరకు కొనవలెను. నాలుగు చిలపలకై వచ్చినవారు ఇక ఎందులకు వత్తురు?

నది దాటుట కొందరికే సాధ్యము. తపాలా బంట్రోతు అందరి గుమ్మమునకును వచ్చును. మిస్సోరి రాష్ట్రము నుండి ఏట రెండుమార్లు ధరల పుస్తకము పంపి వస్త్రాదికములు అమ్మెడి నేషనల్ బెల్లస్ హెస్ అను కంపెనీని పన్ను వసూలు చేయుమని ఇల్లినాయి ప్రభుత్వము కోరగా, 1967లో సుప్రీము కోర్టు కూడదన్నది. తపాలాతో తప్ప మరి దేనితోను ఆ రాష్ట్రమున అడుగు పెట్టని వర్తకునిపై ఆ భారము మోపరాదని దాని భావము. 1992లో క్విల్ కంపెనీకిని నార్త్ డకోటాకును జరిగిన వ్యాజ్యమున ఈ సూత్రమే నిలిచినది. పిదప కంప్యూటరు ద్వారా వర్తకము పెరిగినను చట్టము మారలేదు. 2016లో చికాగో నగరపు అంగడిలో పూసలు కొనిన నూటికి 10.25 పన్ను, ఇల్లినాయిలో అడుగు పెట్టని దూరపు వర్తకునియొద్ద తెప్పించుకొనినచో బిల్లుపై ఏమియు లేదు.

ఇందువలన నష్టపోయినది ఏమి? చేతిపని అంగడి ఉత్త అంగడి కాదు. క్రొత్తగ నేర్చుకొనువారిని అక్కడ బల్లకడ కూర్చుండబెట్టుదురు. జారిన కుట్టును ఎత్తిపెట్టుదురు. రంగును వెలుతురులో పట్టి చూడవచ్చును, మెత్తదనమును చెంపకు తాకించి చూడవచ్చును. వీనికి వేఱుగ వెల కట్టరు. ఆ వెల చిలప ధరలోనే ఇమిడియుండును. అక్కడ నేర్చి, అక్కడ రంగు చూచి, దాని నంబరు వ్రాసికొని, సరకు మాత్రము పన్ను లేని చోటునుండి తెప్పించుకొనుట చట్టప్రకారము దోషము కాకపోవచ్చును. కాని ఆ అంగడి నేర్పిన పాఠమునకు ప్రతిఫలము మరియొకరికి ముట్టుచున్నది. ఆ తొందరకు తోడ్పడినది సర్కారు పన్నే యగుట మాకు విడ్డూరముగ తోచును.

పన్నునకు ఇంత శక్తి కలదా యన్న సందేహము తీర్చెడి పరీక్ష ఒకటి జరిగినది. ఆమజాన్ కంపెనీ కొన్ని రాష్ట్రములలో పన్ను వసూలు మొదలిడినపుడు అక్కడి కుటుంబములు దానియొద్ద కొనుట నూటికి సుమారు 9 వంతులు తగ్గించినవని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు కనుగొనిరి. విలువైన వస్తువుల విషయమున తగ్గుదల ఇంకను ఎక్కువ.

2018 జూన్ 21న సుప్రీము కోర్టు అయిదుగురు ఒకవైపును నలుగురు ఒకవైపునుగ పాత సూత్రమును త్రోసివేసినది. ఆదాయపు పన్ను లేక అమ్మకపు పన్ను మీదనే ఆధారపడిన సౌత్ డకోటా రాష్ట్రము, వేఫేర్ అను గృహోపకరణముల కంపెనీపై గెలిచినది. తన రాష్ట్రమునకు ఏటికి లక్ష డాలర్ల సరకు గాని, 200 బేరములు గాని జరిపిన దూరపు వర్తకుడు పన్ను వసూలు చేయవలెనని ఆ రాష్ట్రపు శాసనము.

మెజారిటీతో విభేదించిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తన తీర్పులో చూపిన ఉదాహరణములలో ఒకటి మన ప్రసంగమునకే పుట్టినట్లున్నది. న్యూజెర్సీలో స్వెట్టరు అల్లుటకు కొనిన ఉన్నిపై పన్ను లేదట. అదే ఉన్నిని కళాఖండమునకు వాడదలచినచో పన్ను కలదట. న్యూయార్కు రాష్ట్రమున గూడ ఇట్టి భేదమే కలదు. 110 డాలర్లకు లోబడిన దుస్తులకు రాష్ట్రపు పన్ను మినహాయింపు ఉండుటచే, వానిలో చేరిపోవు ఉన్ని, గుడ్డ, గుండీలు గూడ మినహాయింపు పొందును, అల్లికసూదులు పొందవు. అల్లువారి మనస్సులోని ఉద్దేశమును బట్టి మారెడి పన్నును దూరపు వర్తకుడెట్లు లెక్కింపగలడు? దిండుగలేబులపై పూలు కుట్టి అమ్ముకొనువారి వంటి చిన్నవారు ఈ చిక్కులకు తాళజాలరని ఆ న్యాయమూర్తి ఆందోళన.

ఆ ఆందోళన వట్టిది కాదు. 200 బేరములను గీతనే తీసికొందము. చిలప 25 డాలర్లకు అమ్మెడి స్త్రీ 200 మందికి ఒక్కొక్కటి అమ్మిన మొత్తము 5000 డాలర్లు మాత్రమే; ఆమెను పెద్ద కంపెనీతో ఒక గాటికి కట్టుట అన్యాయము. సౌత్ డకోటా ఆ గీతను 2023 జూలై 1 నుండి చెరిపివేసి, లక్ష డాలర్ల గీతను మాత్రము నిలిపినది. అది మంచి పని.

పన్ను సమమైనంతనే అంగళ్ళకు పూర్వవైభవము వచ్చినదా? రాలేదు. 1943లో ఒహాయోలో పుట్టి, గుడ్డలకును చేతిపని సరకునకును దేశమంతట పేరుపడిన జోఆన్ కంపెనీ 2024లో ఒకమారు, 2025 జనవరిలో మరియొకమారు దివాలా కోర్టు నాశ్రయించినది. 2025 మే మాసాంతమునకు దాని దుకాణములు, దాదాపు 800, అన్నియు మూతపడినవి. అప్పులు, అద్దెలు, పోటీ - కారణములు పెక్కు. పన్నును మాత్రము అందులకు నిందించు వీలు ఇక లేదు.

ఇంటి వంటగదిలో ఉన్నికి రంగులద్ది, తన సొంత కంప్యూటరు అంగడినుండి అమ్ముకొనెడి చిన్న వర్తకురాలు మాత్రము, లక్ష డాలర్ల గీతకు లోబడియున్నంత వఱకు, పరరాష్ట్రపు కొనుగోలుదారునకు నేటికిని పెక్కు చోట్ల పన్ను లేకుండ పంపవచ్చును. అదే చిలపను ఆమె ఎట్సీ వంటి పెద్ద సంతలో పెట్టినచో సంత యజమానియే పన్ను రాబట్టి కట్టును. మిస్సోరి 2023 జనవరి 1న ఈ పద్ధతిని చేపట్టుటతో అమ్మకపు పన్ను గల రాష్ట్రములన్నియు ఇందులో చేరినవి.