ముందు ఆపు, తర్వాత చెయ్యి పెట్టు



లక్కపిడతలతో ఆడుకోని ఆడపిల్ల ఉంటుందా? ఆ బొమ్మలకు పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రతో అక్కడ లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ పని చాలామందికి ఇంటి పట్టునే సాగుతుంది. లేతు మిషను మీద కర్ర గిర్రున తిరుగుతుంది. ఉలి ఆనిస్తే బొమ్మ రూపు తేలుతుంది. తిరిగే బొమ్మకు లక్క అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ ఈ పని చేస్తారు.

వెనకటి రోజుల్లో చేతి లేతు ఉండేది. ఒకరు తాడు లాగేవారు. ఒకరు ఉలి పట్టేవారు. ఉలి పట్టిన మనిషి "అమ్మో!" అంటే తాడు లాగే మనిషి ఆగిపోయేది. ఇప్పుడు మోటారు వచ్చింది. పని తొందరగా అవుతుంది. కానీ "అమ్మో!" అంటే మోటారు ఆగదు.

మోటారు జోరు ఎంత?

మామూలు మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క సెకనుకు 24 చుట్లు. రెండు అంగుళాల లావు కర్ర ఆ జోరున తిరుగుతోంది అనుకోండి. దానికి కొంగు చిక్కితే ఒక్క సెకనులో 12 అడుగుల బట్ట చుట్టుకుంటుంది. ఆరు గజాల చీర అంటే 18 అడుగులే. చెయ్యి స్విచ్చి దగ్గరికి పోయేలోపు మనిషిని లాగేస్తుంది.

మిషను వేసే ముందు

కొంగు నడుముకు చుట్టి గట్టిగా దోపాలి. జడ ముడి వేయాలి. పుస్తెలతాడు జాకెట్టు లోపలికి వేసుకోవాలి. గాజులు తీసి పక్కన పెట్టాలి. గాజులు తీస్తే అశుభం అంటారు కొందరు. చెయ్యి క్షేమంగా ఉండడం కన్నా శుభం ఏముంది?

చేతికి గుడ్డ తొడుగులు వేసుకుంటే మంచిదని కొందరు అనుకుంటారు. లేతు దగ్గర అది ప్రమాదం. తొడుగు చిక్కితే వేళ్లను కూడా లాగుతుంది. కళ్లకు మాత్రం అద్దాలు పెట్టుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టి, దాని కొసలు లోపలికి దోపాలి. సన్నని కర్రపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు, ఆయాసం వస్తాయి.

పగులు ఉన్న కర్రను మిషనుకు బిగించకూడదు. అది విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. కర్ర బిగించాక ఒకసారి చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడా తగలకపోతేనే స్విచ్చి వేయాలి. బెల్టుకు రేకు మూత ఉండాలి. మోటారుకు ఎర్తు వైరు ఉండాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

మిషను తిరిగేటప్పుడు

చెయ్యి పోయేది ఎక్కువగా చిన్న చిన్న పనుల దగ్గరే. పొట్టు దులపబోతారు. కొలత చూడబోతారు. జారిన బెల్టు సర్దబోతారు. "ఒక్క క్షణమేగా" అనుకుంటారు. మిషనుకు కర్ర ఏదో, వేలు ఏదో తెలియదు. స్విచ్చి ఆపినా కర్ర కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. చేత్తో పట్టి ఆపకూడదు.

కరెంటు పోయిందా? వెంటనే స్విచ్చి ఆపాలి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు మిషను దానంతట అదే తిరుగుతుంది. అప్పుడు చెయ్యి దాని మీద ఉంటే?

దెబ్బ తగిలితే

ముందు మిషను ఆపాలి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి అద్దకూడదు. పెద్ద గాయమైతే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి.

అక్కలారా! ఇల్లు గడిచేది ఆ చేతుల మీదే. అక్షరాలు దిద్దింది కూడా ఆ చేతులే. ఈ రోజు ఇంటికి పోగానే ఒక సుద్దముక్క తీసుకోండి. మిషను స్విచ్చి పైన, గోడ మీద, పెద్ద అక్షరాలతో మీ చేత్తోనే ఇలా రాయండి:

ముందు ఆపు. తర్వాత చెయ్యి పెట్టు.

చదవడం రాని పక్కింటి చెల్లెలికి చదివి వినిపించండి.